హైదరాబాద్ మెట్రో రాత్రంతా నడపొచ్చా? అడ్డొచ్చేది ప్యాసింజర్లా, పట్టాలా?

నాగోల్_నైట్‌షిఫ్ట్:
చివరి రైలు రాత్రి 11 ప్రాంతంలో బయల్దేరుతుంది, మళ్లీ పొద్దున 6కే మొదలు. మధ్యలో క్యాబ్ వాళ్లు చెప్పిందే రేటు. న్యూయార్క్‌లో 1904 నుంచీ రాత్రిళ్లు కూడా నడుపుతున్నారు కదా, ఇక్కడ కనీసం గంటకొకటి వేయలేరా? జనం రారనా, లేక టెక్నికల్‌గానే కుదరదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఓహెచ్‌ఈ_గ్యాంగ్:
జనం సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఆ టైములో లైను మీద ఏం జరుగుతుందో చూడండి. 11కి మియాపూర్‌లో బయల్దేరిన రైలు ఎల్బీనగర్ చేరేసరికి 12 కావస్తుంది. రైళ్లన్నీ లైను ఖాళీ చేశాక కంట్రోల్ సెంటర్‌లో ఆ సెక్షన్‌లో పట్టాల పైన రైలుకి కరెంటందించే వైరుకి 25 వేల వోల్టుల సరఫరా ఆపుతారు. స్విచ్ ఆపితే అయిపోలేదు. పక్క లైను వైరులో కరెంటు ఉంటే, ఆపిన వైరులోనూ ఇండక్షన్ వల్ల, అంటే తగలకుండానే పుట్టే కరెంటు వల్ల, ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. అందుకే పనిచేసే చోటికి అటూ ఇటూ డిశ్చార్జ్ రాడ్లు (వైరులో మిగిలిన కరెంటుని భూమిలోకి పంపే కర్రలు) వేయాలి. ముందు ఎర్త్ క్లాంపు గట్టిగా బిగించి, ఆ తర్వాతే కొక్కెం వైరుకి తగిలించాలి. తీసేటప్పుడు వైరు ముందు, క్లాంపు ఆఖర్న. వరస తప్పితే రాడ్డు పట్టుకున్నవాడి ఒంట్లోంచే కరెంటు పోతుంది. పని చేసుకోవచ్చనే పర్మిట్ చేతికొచ్చాకే మనిషి పట్టాల మీదకి దిగాలి.

దీనికే అరగంట పైన పడుతుంది. తెల్లారుజామున ఇదంతా వెనక్కి: పనిముట్ల లెక్క, రాడ్లు తీయడం, పర్మిట్ వాపసు, కరెంటు, ఆపైన ప్యాసింజర్లు లేని రైలొకటి లైనంతా తిరిగి చూడటం. 6కి సర్వీసు ఉండాలంటే నాలుగున్నర లోపే పని ఆపాలి. అసలు పనికి దక్కేది మూడు గంటలు, మహా అయితే మూడున్నర. పట్టాల అల్ట్రాసోనిక్ టెస్టు, గ్రైండింగ్, పాయింట్లు (రైలుని ఒక దారి నుంచి ఇంకోదానికి మళ్లించే కదిలే పట్టాలు) సరిచూడటం, కాంటాక్ట్ వైరు అరుగుదల కొలవడం, ఇన్సులేటర్లు తుడవడం అన్నీ ఆ కాస్తలోనే. గంటకొక రైలన్నారా, రెండు రైళ్ల మధ్య గంట కాస్తా కరెంటు ఆపడానికీ మళ్లీ ఇవ్వడానికే సరిపోతుంది. ఒక్క రైలు వేసినా ఆ రాత్రి పని పోయినట్టే.

నాలుగో_పట్టా:
న్యూయార్క్ పోలిక ఇక్కడ పనికిరాదు. అక్కడి ప్రధాన లైన్లలో చాలావాటికి నాలుగు పట్టాలు, అంటే పక్కపక్కన నాలుగు రైలు దారులు: రెండు లోకల్, రెండు ఎక్స్‌ప్రెస్. ఒక జత మూసి రెండోదాని మీద నడిపిస్తారు. అంత ఉండీ, 2012లో ఫాస్ట్‌ట్రాక్ పేరుతో వారం మధ్యలో రాత్రి 10 నుంచి 5 దాకా ఒక్కో ముక్క పూర్తిగా మూసి పని చేయడం మొదలుపెట్టారు.

మనకి పోలిక లండన్. ఎక్కువగా రెండే పట్టాలు. 2016 ఆగస్టులో మొదలైన నైట్ ట్యూబ్ శుక్ర, శని రాత్రులకే, అదీ కొన్ని లైన్లలోనే. వియన్నాలో 2010 నుంచి వారాంతాల్లో రాత్రంతా ఉంది. మిగతా రాత్రులు రిపేరు వాళ్లవి.

నాగోల్_నైట్‌షిఫ్ట్:
మరి కోపెన్‌హాగెన్? అక్కడా రెండే పట్టాలు, రోజూ 24 గంటలూ నడుస్తుంది కదా.

హెడ్‌వే_లెక్క:
నడుస్తుంది. రాత్రి ఒక పట్టా మీదే రెండు దిక్కులా నడిపి, రెండోదాని మీద పని చేస్తారు. డ్రైవర్లు కూడా ఉండరు. మన సిగ్నలింగ్ సీబీటీసీ (రైళ్లూ కంట్రోల్ సెంటరూ రేడియోలో మాట్లాడుకునే పద్ధతి) కాబట్టి ఎదురు దిక్కున నడపడం అసాధ్యమేం కాదు. చిక్కు క్రాసోవర్ల దగ్గర, అంటే రైలు ఒక పట్టా నుంచి పక్క పట్టాకి మారే చోట్ల. ఉదాహరణకి ఒక క్రాసోవర్ నుంచి ఇంకోదానికి, మధ్య స్టేషన్లలో ఆగుతూ 12 నిమిషాలనుకోండి. ఒకటి వెళ్లాలి, ఎదురుది రావాలి: 24. పాయింట్లు తిరిగి లాక్ అవడానికి ఇంకో మూడు. అంటే అరగంటకొకటి. ఏ ముక్క పొడవుగా ఉంటే లైను మొత్తానికీ దాని లెక్కే.

ఇంకోటి, మన స్టేషన్లలో ఎక్కువగా ప్లాట్‌ఫారాలు పట్టాలకి చెరోపక్కన. రాత్రి రైలు ఏ వైపు వస్తుందో కింద టికెట్ల అంతస్తు, అదే కాన్‌కోర్స్‌లోనే చెప్పాలి. పైకెక్కాక తెలిస్తే దిగి మళ్లీ ఎక్కేలోపు రైలు వెళ్లిపోతుంది, ఇంకో అరగంట కూర్చోవాలి.

ఖర్చు కూడా రైళ్లది కాదు. రెడ్ లైన్ (మియాపూర్–ఎల్బీనగర్) రానూపోనూ రెండు గంటలు, అంటే అరగంటకొకటి వేయడానికి నాలుగు రైళ్లు, ఒకటి స్పేర్. కానీ స్టేషన్లు 27. ప్రతిదానికీ కంట్రోలర్, సెక్యూరిటీ, లిఫ్టులు, లైట్లు.

ఓహెచ్‌ఈ_గ్యాంగ్:
ఒక పట్టా కిటుకు మనకి అంత తేలిక కాదు. వైరు పని చేసేవాళ్లకి పక్క లైను లైవ్, పైగా ఇటు పని, అటు రైలు. లైవ్ భాగానికి రెండు మీటర్ల లోపలికి పోకూడదు. మెట్రో నడిచే పై వంతెన (వయాడక్ట్) మీద అంత ఎడం అన్నిచోట్లా దొరకదు. నన్నడిగితే శుక్ర, శని రాత్రులు బ్లూ లైన్ (నాగోల్–రాయదుర్గం) ఒక్కటే, అరగంటకొకటి. బరువు పనులు ఆదివారం నుంచి గురువారం దాకా సర్దుకోవచ్చు.

హెడ్‌వే_లెక్క:
శుక్ర, శని అంటే సినిమాకి వెళ్లినవాళ్లకి పనికొస్తుంది. షిఫ్టు వాళ్లకి కావలసింది వారం మధ్యలో. దానికి బస్సే నయం. నాగోల్–రాయదుర్గం సుమారు 28 కిలోమీటర్లు, ఖాళీ రోడ్ల మీద గంటంబావు. రానూపోనూ, చివర్లలో ఆగే టైముతో కలిపి 160 నిమిషాలు వేసుకోండి. 20 నిమిషాలకొకటి నడపాలంటే 8 బస్సులు, స్పేరు ఒకటి. ప్రతి మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరే ఆపాలి. వంద మీటర్ల అవతల బస్టాప్‌లో ఆపితే అర్ధరాత్రి ఆడవాళ్లు ఎక్కరు.