పీనోనా, పీన్యోనా?

పాతపుస్తకం: రెండ్రోజులుగా ఒకే పాదం బుర్రలో తిరుగుతోంది. పాతకాలపు పోర్చుగల్ రాజు, కవి దినిశ్‌దే, "ఆయ్ ఫ్లోరెస్, ఆయ్ ఫ్లోరెస్ దో వెర్దె పీనో", అంటే "ఓ పచ్చని పైన్ పువ్వుల్లారా" అని. ఈ పాట భాషే మాట్లాడిన గలీసియాలో (ఇప్పటి స్పెయిన్ వాయవ్య మూల) పైన్ చెట్టంటే పిన్యేరో కదా, పోర్చుగల్లోనూ దాదాపు అంతే. మరి ఈ పీనో ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

గోదారిగట్టు: కింది పాదం చివర అమీగో (ప్రియుడు) ఉందిగా, దానికోసం. తర్వాతి చరణంలో అదే మాట మార్చి రామో (కొమ్మ), అమాదో (ప్రియుడు) అంటాడు. హల్లులు కలవకపోయినా అచ్చులు కలిస్తే చాలు ఆ కవులకి. పిన్యేరో అక్కడ ఇమడదు.

లిస్బన్‌లో_మనోడు: అచ్చులకోసమే అయితే పీన్యో కూడా సరిపోతుందండీ! లాటిన్ వీనుమ్ ఇక్కడ వీన్యో అయింది, ఆ లెక్కన పీనుస్ పీన్యో కావాలి. అయింది కూడా, ఇప్పటికీ ఇక్కడ పీన్యు అంటే పైన్ కలప. చెట్టు అనాలంటే చివర ఏరో తగిలిస్తారు, మనం మామిడికి "చెట్టు" చేర్చినట్టే. ఉత్త "న" మిగిలిందంటే అది అరువు మాట, కస్తీలియా (స్పానిష్ పుట్టిన నేల) నుంచి వచ్చిందని నా అనుమానం.

గోదారిగట్టు: దక్షిణ ఫ్రాన్స్ కవుల భాష ప్రొవెన్సాల్ నుంచి ఎందుకు కాకూడదు? ఆ పద్ధతిలో పాట కడతానని దినిశే చెప్పుకున్నాడు.

లిస్బన్‌లో_మనోడు: చెప్పుకున్నది మగవాడి ప్రేమపాట గురించి. ఇది అమ్మాయి గొంతుతో పాడే పాట, ఆ నేల సొంత సరుకు.

గీతలపిచ్చి: ఇద్దరూ రాతప్రతిని గుడ్డిగా నమ్ముతున్నారు. మన చేతికొచ్చినవి 1525 ప్రాంతంలో ఇటలీలో కొలొచ్చి అనే పండితుడు రాయించుకున్న ప్రతులు, అంటే రాజు పోయిన 200 ఏళ్లకి. అక్షరం మీద చిన్న గీత జారిపోతే "న్య" కాస్తా "న" అయి కూర్చుంటుంది.

పాతపుస్తకం: అసలు పైన్‌కి పువ్వులేంటండీ?

లిస్బన్‌లో_మనోడు: మార్చిలో వచ్చి నా కారు అద్దం చూడండి, పైన్ పుప్పొడి పడి ఎవరో పసుపు చల్లి పోయినట్టుంటుంది. దినిశ్ పేరు చెప్పుకునే లీరియా పైన్ అడవి 2017 అక్టోబరు మంటల్లో చాలావరకు పోయింది, అది తల్చుకుంటే ఈ పాట వినబుద్ధి కాదు.

గోదారిగట్టు: గలీసియా కవి పోందాల్‌ని ఎవరూ తలవరేంటి? ఆయన రాసిన గలీసియా గీతం పేరే "ఓస్ పీనోస్", పిన్యేరోస్ కాదు. 1907లో హవానాలో మొదటిసారి వినిపించారు. మొదలెట్టడమే "గలగలలాడేవి ఏమంటున్నాయి" అని, చెట్టు పేరెత్తకుండా! దినిశ్ పాటలో పువ్వులు బదులు కూడా చెప్తాయి, నీవాడు క్షేమంగా ఉన్నాడని.

గీతలపిచ్చి: ఆ గీతంలోనే "అరూమె" అని ఉంటుంది, పైన్ సూదిమొన ఆకు. దానిమీద నాకో సిద్ధాంతం ఉంది, రేపు వేరే పోస్టు పెడతా.

పాతపుస్తకం: సరే, ఇంతకీ "న"నా, "న్య"నా?