యుద్ధం జరుగుతుండగా సొంత ప్రభుత్వం మీద కార్టూన్ వేయడం తప్పా?

రాజోలు డ్రాయింగ్ మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం అండి. చాలా రోజుల నుంచి మనసులో నలుగుతున్న సంగతి ఇది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మందిని చంపాక మే 7న మన సైన్యం దాడులు మొదలుపెట్టింది, 10వ తేదీ సాయంత్రానికి కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులూ మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. 8వ తేదీ రాత్రయితే కొన్ని టీవీ ఛానళ్ళు కరాచీ పోర్టు నాశనమైపోయిందని చెప్పేశాయి, మావాళ్ళు వీడియోగేముల క్లిప్పులు కూడా నిజం యుద్ధమే అనుకుని ఒకరికొకరు పంపుకున్నారు. పోర్టుకి ఏమీ కాలేదని తర్వాత తేలింది.

నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న డిగ్రీ కుర్రాడొకడు ఆ రాత్రే ఒక కార్టూన్ గీసి గ్రూపులో పెట్టాడు. ఎడమ పక్క టీవీ స్టూడియో. యాంకర్ నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, మైకుని తుపాకీలా గురిపెట్టి అరుస్తున్నాడు, వెనకనుంచి ఒక నాయకుడి చెయ్యి అతని భుజం తడుతోంది. కుడి పక్క పెంకుటింటి అరుగు మీద ఒక తల్లి, ఒళ్ళో ఫోను. ఫోను స్క్రీన్ నల్లగా ఉంది. లోపలి టీవీ వెలుగు ఆవిడ చెంప మీద పడుతోంది. మాటలేమీ రాయలేదు, బొమ్మంతే.

పది నిమిషాల్లో కుర్రాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. తెల్లారాక ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చి వాళ్ళ నాన్నని నిలదీశారు, దేశద్రోహం అన్న మాట కూడా వాడారు. నా మట్టుకు నాకు ఆ బొమ్మలో ద్రోహం కనపడలేదు. మీరేమంటారో మొహమాటం లేకుండా చెప్పండి.

మాజీ జవాను, మాధవరం:

మాస్టారూ, నేను 17 ఏళ్ళు సైన్యంలో చేసి వచ్చినవాణ్ణి. మాది తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం, మా ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా యూనిఫాం వేసుకున్న ఫోటో ఒకటి గోడకి ఉంటుంది. పోస్టులో ఉన్నవాడికి సిగ్నల్ దొరికేది ఎప్పుడో ఒకసారి. ఆ కాసేపట్లో ఫోన్ తెరిస్తే సొంత ఊరివాళ్ళే ప్రభుత్వాన్ని ఎగతాళి చేస్తూ కనిపిస్తే వాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అవతలి దేశంవాళ్ళు కూడా అవే బొమ్మలు తీసుకుని, చూశారా వాళ్ళ జనమే వాళ్ళని నమ్మట్లేదు అని చూపించుకుంటారు.

కార్టూనిస్టు యుద్ధంలో ఏం చేయాలో బ్రిటన్‌లో డేవిడ్ లో (Low) అనే కార్టూనిస్టు చేసి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్‌లో ఫ్రాన్స్ చేతులెత్తేసింది, ఇంగ్లండ్ ఒంటరిదైపోయింది. అప్పుడు ఆయన వేసిన బొమ్మలో పోటెత్తిన సముద్రం ఒడ్డున రాతి మీద ఒకే ఒక్క సైనికుడు నిలబడి ఆకాశంలో వచ్చే విమానాలకేసి పిడికిలి చూపిస్తాడు. సరే, ఒంటరిగానే పోరాడతాం అని దాని భావం. ఆ టైములో జనానికి కావలసింది అది. ప్రభుత్వం లెక్క యుద్ధం అయ్యాక తేల్చుకోవచ్చు, కుర్రాడు నాలుగు రోజులు ఆగితే కొంపలేం మునిగిపోవు.

జగన్నాథపురం వంతెన, కాకినాడ:

ఆ డేవిడ్ లో గారినే తీసుకుందాం అన్నా. 1937లో బ్రిటన్ మంత్రి హాలిఫాక్స్ జర్మనీ వెళ్తే హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఆయన దగ్గర ఈ డేవిడ్ బొమ్మల గురించే ఫిర్యాదు చేశాడు. హాలిఫాక్స్ తిరిగొచ్చి, కాస్త జోరు తగ్గించమని డేవిడ్‌కి చెప్పాడు, ఆయన కొన్నాళ్ళు తగ్గించాడు కూడా. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాక మళ్ళీ మొదలుపెట్టాడు. అంటే మనం ఇవాళ మెచ్చుకునే దేశభక్తి బొమ్మల మనిషినే, మూడేళ్ళ ముందు దేశ ప్రయోజనం పేరు చెప్పి సొంత ప్రభుత్వం ఆపమంది. మీ లెక్కన అప్పుడాయన ఆగడమే కరెక్టు కదా? ఆగి ఏం బాగుపడ్డారు?

ఇంకో బొమ్మ చెప్తాను, దీని మీదే నా వాదన అంతా. 1942 మార్చి, లండన్ డైలీ మిర్రర్, గీసినవాడు ఫిలిప్ జెక్. నడిసముద్రంలో ఓడ మునిగిపోయింది, చిన్న తెప్ప మీద ఒక నావికుడు బోర్లా పడి చెక్కని కరుచుకుని ఉన్నాడు. చుట్టూ నల్లటి నీళ్ళు. కింద, పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగింది అన్న ప్రభుత్వ ప్రకటన. అంతే! చర్చిల్ ప్రభుత్వం మండిపడింది. ఓడవాళ్ళ ప్రాణాలతో కంపెనీలు లాభాలు చేసుకుంటున్నాయని ఈ బొమ్మ అంటోందని వాళ్ళ కోపం. హోం మంత్రి మోరిసన్ ఎడిటర్లని పిలిపించి పేపరు మూయించేస్తానన్నాడు, పార్లమెంటులో చర్చ జరిగింది. జెక్ మాత్రం, మీరు కార్లలో తగలేసే పెట్రోలుకి నావికుల ప్రాణం ఖర్చవుతోంది, వృథా చేయకండి అని చెప్పడమే నా ఉద్దేశం అన్నాడు. ఆలోచిస్తే ఇది ప్రభుత్వానికి కావలసిన ప్రచారమే! దాన్నే ద్రోహం అన్నారు. మాస్టారి శిష్యుడి బొమ్మ చదివినప్పుడు నాకు ఆ తెప్పే గుర్తొచ్చింది.

ఆ నెలలోనే బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీదా మా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మా నాయనమ్మకి అప్పుడు పదకొండేళ్ళు. వంటింట్లో లాంతరు చిమ్నీకి నల్ల కాగితం చుట్టిన సంగతీ, ఎడ్లబండి మీద సామాను వేసుకుని రాత్రికి రాత్రి పిఠాపురం దాటి వెళ్ళిన సంగతీ ఆవిడ ఎన్నోసార్లు చెప్పేది. ఎవరేం చెప్తే అది నమ్మాం రా, తెల్లవాళ్ళు భయం లేదన్నారు కాబట్టే ఎక్కువ భయమేసింది అనేది. జనానికి ధైర్యం చెప్పడం తప్పని నేననను అన్నా. కానీ బర్మా నుంచి కొండలూ అడవులూ పడి నడిచొచ్చిన మనవాళ్ళు ఊళ్ళల్లోకి చేరి కళ్ళారా చూసింది చెప్తుంటే సర్కారు మాట ఎంతకాలం నిలుస్తుంది?

అంతర్వేది బీచ్:

ప్రచారం అనగానే అబద్ధం అనుకోకండి. లైట్లు ఆర్పండి, పుకార్లు నమ్మకండి, ఓడల కదలికలు బయట మాట్లాడకండి అని పోస్టర్లు వేయడం కూడా ప్రచారమే, దాని వల్ల ప్రాణాలు నిలిచాయి. మేం సముద్రం ఒడ్డున ఉంటాం, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఒకడు వెటకారంగా బొమ్మ వేస్తే వంద మంది షెల్టర్‌కి వెళ్ళడం మానేస్తారు. ఆ భయం నాకుంది. అందుకని మాజీ జవాను గారి మాటలో సగం నేను ఒప్పుకుంటాను.

పాలకొల్లు లా స్టూడెంట్:

నాకు వేరే భయం అండి. మీరంతా ప్రభుత్వం ఆపిన బొమ్మల గురించే మాట్లాడుతున్నారు. ప్రభుత్వం అడక్కపోయినా యుద్ధం పేరు చెప్పి ఇష్టంగా వేసిన బొమ్మలు ఇంకా ఎక్కువ చెరుపు చేశాయి. డాక్టర్ స్యూస్ తెలుసు కదా, పిల్లల పుస్తకాలాయన. 1942 ఫిబ్రవరి 13న న్యూయార్క్‌లోని పీఎం అనే పత్రికలో ఆయన కార్టూన్ ఒకటి వచ్చింది. అమెరికా పడమటి తీరంలో ఉండే జపాన్ మూలాలవాళ్ళు బారులు తీరి, అందరివీ ఒకటే మొహాలు, ఒకటే నవ్వు, పేలుడు పదార్థాల పొట్లాలు తీసుకుంటుంటారు. సరిగ్గా ఆరు రోజులకి, 19న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆర్డరు మీద సంతకం పెట్టాడు. సుమారు 1,20,000 మందిని ఇళ్ళూ పొలాలూ కొట్లూ వదిలించి ముళ్ళకంచె క్యాంపుల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. 1988లో ఆ దేశమే తప్పయిపోయిందని చట్టం చేసి, బతికున్నవాళ్ళకి తలో 20,000 డాలర్లు ఇచ్చింది.

ఆ ఒక్క బొమ్మ వల్లే అదంతా జరిగిందని నేననను. కానీ అదే మనిషి నల్లవాళ్ళ మీదా యూదుల మీదా వివక్ష తప్పని బొమ్మలు వేశాడు. అంత మంచివాడికి కూడా యుద్ధం టైములో పొరుగింటి రైతు గూఢచారిలా కనిపించాడు. ఆ బొమ్మని ఎవరూ దేశద్రోహం అనలేదు, ఎడిటర్లని ఎవరూ పిలిపించలేదు.

అదే మే నెలలో మా కాలేజీ గ్రూపుల్లో తిరిగిన బొమ్మలు కొన్ని నేను చూశాను. టోపీ పెట్టుకున్న ప్రతి మనిషినీ పాముగానో ఎలకగానో గీశారు. మా క్లాసులో ఒకమ్మాయి ఆ వారం కాలేజీకి రాలేదు. వాటిని గ్రూపులోంచి ఎవరూ తీసేయలేదు అండి. కుర్రాడి బొమ్మలో దెబ్బ పడింది మైకు పట్టుకున్నవాడి మీద, చెయ్యి వేసినవాడి మీద. వీటిలో పడింది మా పక్క బెంచీ అమ్మాయి మీద. ఏది ఆపాలి అంటే నేను రెండోదే అంటాను.

మాజీ జవాను, మాధవరం:

అమ్మా, నువ్వు చెప్పిన పాములూ ఎలకల బొమ్మలు నాకూ వచ్చాయి, నేను డిలీట్ చేశాను. నా బ్యాచ్‌లో ఇద్దరు ముస్లింలు, ఒక పళ్ళెంలో తిన్నాం. దానిమీద నీతో నాకు తగువు లేదు.

కాకినాడ తమ్ముడికి ఒక మాట. గీసే హక్కు అందరికీ ఒకేలా ఉండదు. బిల్ మాల్డిన్ అని కార్టూనిస్టు, ఆ యుద్ధంలోనే అమెరికా సైన్యంలోవాడు, ఇటలీలో గాయపడ్డాడు కూడా. గడ్డాలు మాసిపోయి, బురదలో కూర్చున్న ఇద్దరు సిపాయిల్ని పెట్టి సైన్యం పేపర్లోనే ఆఫీసర్ల మీద కార్టూన్లు వేశాడు. జనరల్ ప్యాటన్ పిలిపించి తిట్టినా, పైన ఉన్న సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఆపనివ్వలేదు. సిపాయిలకి ఆ బొమ్మలంటే ప్రాణం. ఎందుకంటే వాడు అనుభవించి గీశాడు. మాస్టారి శిష్యుడు ఏ తల్లిని అడిగి గీశాడు? ఏసీ గదిలో కూర్చుని సైనికుడి తల్లి పేరు చెప్పుకోవడం నాకు నచ్చదు.

రాజోలు డ్రాయింగ్ మాస్టారు:

అడగక్కర్లేదు అండి, ఆవిడ వాళ్ళ పెద్దమ్మ. పక్క వాటాలోనే ఉంటుంది. ఆవిడ కొడుకు అప్పుడు జమ్మూ వైపు ఉన్నాడు, మూడు రోజులు ఫోన్ కలవలేదు. టీవీ పెట్టమంటే ఆవిడకి టెన్షన్, కట్టేయమన్నా టెన్షన్. కుర్రాడు అరుగు మీద పక్కన కూర్చుని చూసిందే గీశాడు. ముందే ఈ సంగతి నేను రాయాల్సింది, రాస్తే చర్చ జాలి వైపు పోతుందేమోనని ఆగాను.

ఇన్ని మాటలు చదివాక నేననుకునేది చెప్తాను. పాలకులకి యుద్ధంలో కోపం తెప్పించేది వెటకారం కాదు, ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో చూపించే బొమ్మ. 1943లో బెంగాల్ కరువు చూడండి. బర్మా పోయి బియ్యం రావడం ఆగింది, ఉన్న బియ్యం సైన్యానికీ కలకత్తాకీ పోయింది, సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మేదినీపూర్ జిల్లా అంతా కాలినడకన తిరిగి, దారిలో కనపడినవాళ్ళని ఇంకుతో గీశాడు. ఎముకలగూడు లాంటి మనుషులు, పక్కన ఖాళీ గిన్నె. వాటికి ఊరి పేరు, మనిషి పేరు కూడా రాసుకున్నాడు. పుస్తకంగా వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం 5,000 ప్రతులు పట్టుకుని తగలబెట్టించింది. ఆ బొమ్మలో శత్రువుకి పనికొచ్చే రహస్యం ఏముంది? తెప్ప మీద నావికుడి దగ్గర మాత్రం ఏముంది?

అంతర్వేది వారికి: తుపాను హెచ్చరిక నమ్మాలంటే మామూలు రోజుల్లో ఆ గొంతు అబద్ధం ఆడి ఉండకూడదు కదండీ. కరాచీ పోర్టు పోయిందని చెప్పిన నోటితోనే రేపు నిజమైన హెచ్చరిక చెప్తే మా ఊళ్ళో సగం మంది టీవీ కట్టేస్తారు. ఆ నమ్మకం పోగొట్టింది కుర్రాడు కాదు.

నోరు మూసుకుని గీస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. సోవియట్ కార్టూనిస్టు బోరిస్ ఎఫిమోవ్ అన్నని 1938లో అరెస్టు చేసి 1940లో కాల్చేశారు. ఈయన అదే ప్రభుత్వానికి యుద్ధమంతా హిట్లర్ బొమ్మలు వేశాడు. గొప్ప గీత, నేను పిల్లలకి చూపిస్తుంటాను. 108 ఏళ్ళు బతికాడు. అన్న గురించి బొమ్మ వేయలేని చెయ్యి అది. ఆయన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు, ఆ స్థితి మాత్రం మన పిల్లలకి రాకూడదు.

మాజీ జవాను, మాధవరం:

పెద్దమ్మ సంగతి ముందే చెప్పాల్సింది మాస్టారూ. ఆ మాట విన్నాక ఏసీ గది అన్నందుకు బాధగా ఉంది. మా అమ్మ 1999లో కార్గిల్ అప్పుడు అలాగే కూర్చుంది, ల్యాండ్‌లైన్ ఉన్న షావుకారు గారి అరుగు మీద. అయినా బార్డర్లో కాల్పులు జరుగుతుండగా గ్రూపులో పెట్టడం తొందరే అని ఇప్పటికీ అంటాను. గ్రూపులోంచి తీసేయడం, ఇంటి మీదకి వెళ్ళడం మాత్రం తప్పు. ఆ బొమ్మ ఒకసారి ఇక్కడ పెట్టండి, చూస్తాను.

రాజోలు డ్రాయింగ్ మాస్టారు:

లేదండి. వాళ్ళ నాన్న ముందే చింపేశాడు, ఫోన్‌లో ఉన్నది కూడా తీసేశాడు. మళ్ళీ గీయమని రెండుసార్లు అడిగాను. ఇప్పుడు కొబ్బరిచెట్లూ, గోదారి దాటించే పంటూ, పడవలూ గీస్తున్నాడు, మొహాలు గీయడం లేదు.

మాజీ జవాను, మాధవరం:

ఆదివారం మీకు ఖాళీయేనా? గూడెంలో పొద్దున్నే బస్సెక్కుతాను. కుర్రాడికి నా మాట నచ్చినా నచ్చకపోయినా ఒకసారి ఎదురుగా కూర్చోవాలని ఉంది. పెద్దమ్మ గారిని కూడా చూసి వస్తాను.