జిప్సం బోర్డు గోడకు గీజరు: ఏ బోల్టులు వాడాలి?

హనుమకొండలో మా ఇంటి పై అంతస్తులో అమ్మ కోసం స్నానాలగది కట్టిస్తున్నాం. మూడు వైపులా ఇటుక గోడలే. నాలుగోది మాత్రం ఇనుప చట్రానికి రెండు వైపులా 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు కొట్టినది, లోపలంతా డొల్ల. నీళ్ల పైపులు అందులోనే ఉన్నాయి కాబట్టి గీజరు అక్కడే పెడదామని ప్లంబరు అంటున్నారు.

గీజరు 15 లీటర్లది. నీళ్లే 15 కిలోలు, ట్యాంకు బరువు అదనం. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులకు ఆ బోర్డులో పట్టు దొరకదు. వెనక రెక్కలు విచ్చుకునే టోగుల్ బోల్టులు దుకాణంలో చూపించారు. బోల్టు గట్టిదే, కానీ గీజరు ముందుకు లాగుతుంటే బోర్డే చిట్లిపోతే? తేమ తగిలితే జిప్సం ఇంకా మెత్తబడుతుంది. దాని కిందే అమ్మ స్నానం చేయాలి, నా భయమంతా అదే.

బోర్డు విప్పి, చట్రం నిలువు కమ్ముల మధ్య 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ బిగించి, దానికి గీజరు తగిలిస్తే సరిపోతుందా? లేక పైపులు పొడిగించి ఇటుక గోడకే పెట్టించమంటారా? ఇలాంటి గోడలపై పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. టైల్స్ పని ఇంకా మొదలుకాలేదు, ఇప్పుడైతే మార్చుకోవచ్చు.