వసీలే లుకాచ్: రుమేనియన్ ఉద్యమ నాయకుడా, ఉద్యమానికి ముఖచిత్రమా?

పాతపుటలు:
1918కి ముందు హంగరీ ఏలుబడిలో ఉన్న ట్రాన్సిల్వేనియాలో రుమేనియన్ల జాతీయోద్యమాన్ని చర్చే నడిపించిందనీ, షిషెష్ట్ గ్రామపు గ్రీకు కాథలిక్ (తూర్పు క్రైస్తవ పూజావిధానాన్ని పాటిస్తూ పోప్‌ను అంగీకరించే చర్చి) మతగురువు వసీలే లుకాచ్ అందుకు నిదర్శనమనీ తరచూ రాస్తుంటారు. నాకు ఇది అతిశయోక్తిగా తోస్తుంది. 1892లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కు ఇవ్వదలచిన వినతిపత్రం రుమేనియన్ల నేషనల్ పార్టీది. ఆ పార్టీ అధ్యక్షుడు ఇయాన్ రాత్సియు న్యాయవాది. ట్రాన్సిల్వేనియా స్వయంప్రతిపత్తి రద్దు, ఓటుహక్కుపై ఆంక్షలు, భాషాహక్కులు వంటి ఫిర్యాదులు చట్టానికి చెందినవే గాని మతానికి చెందినవి కావు.

నదీతీరం:
పత్రం ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న, అది పల్లెకు ఎవరి ద్వారా చేరిందన్నది వేరొక ప్రశ్న. చక్రవర్తి ప్రతినిధి బృందాన్ని కలుసుకోనే లేదు. ఆ పత్రాన్ని అచ్చువేసి పంచినందుకు 1894 మే నెలలో ట్రాన్సిల్వేనియా నగరమైన క్లుజ్‌లో విచారణ జరిగినప్పుడు రాత్సియుకు 2 ఏళ్లు, లుకాచ్‌కు 5 ఏళ్లు జైలుశిక్ష పడింది. ముద్దాయిలందరిలోనూ అదే ఎక్కువ. ఆస్తిని బట్టి ఓటు ఇచ్చే పద్ధతిలో రైతుల్లో అధికభాగానికి ఓటే లేదు కనుక, తమ భాషలో నడిచే తమ సంస్థలని వారు చెప్పుకోగలిగినవి చర్చి, దానికి అనుబంధమైన బడి మాత్రమే. రోమ్‌లో చదివిన లుకాచ్ వంటి పండితుడు ఆ పల్లె చర్చి వేదిక నుంచి మాట్లాడితే ప్రభుత్వం ఎందుకు కలవరపడిందో ఊహించడం కష్టం కాదు.

పాతపుటలు:
శిక్ష తీవ్రత ప్రభుత్వపు భయాన్ని చూపుతుందే తప్ప నాయకత్వాన్ని నిరూపించదు. పైగా రుమేనియన్లే ఆర్థడాక్స్, గ్రీకు కాథలిక్ అని రెండుగా చీలి ఉన్నప్పుడు, "చర్చి నడిపించింది" అంటే ఏ చర్చి? 1895లో క్షమాభిక్షతో విడుదలైన లుకాచ్ 1907లో బుడాపెస్ట్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు, 1914లో రుమేనియాకు వెళ్లిపోయాడు. అది రాజకీయ నాయకుడి జీవితం.

కొండదారి:
ఏ చర్చి అన్న ప్రశ్నకు 1917 నాటి అమెరికా యాత్రలోనే జవాబుంది: రెండూ. అక్కడి వలస రుమేనియన్ల మద్దతు కూడగట్టడానికి వెళ్లిన ముగ్గురిలో లుకాచ్ గ్రీకు కాథలిక్ మతగురువైతే, ఇయాన్ మోత్సా ఆర్థడాక్స్ మతగురువు. మూడో వ్యక్తి వసీలే స్టోయికా ఒక్కరే మతగురువు కానివారు. 1918 డిసెంబరు 1న ట్రాన్సిల్వేనియాలోని ఆల్బా యూలియాలో, రుమేనియాతో ఏకీకరణ ప్రకటనను జనసందోహానికి చదివి వినిపించింది కూడా గ్రీకు కాథలిక్ బిషప్ యూలియు హొస్సు. ఆనాడు లుకాచ్ విదేశాల్లో ఉన్నాడు; కాబట్టి ఒక్క మనిషిని తూచి మొత్తం చర్చి పాత్రను తేల్చడం ఇరువురికీ కుదరదు.