"పలువురితో..." తర్వాత నిగ్రహించా, విగ్రహించా?

పాతపుస్తకం: నేపాల్ గొడవల మీద వ్యాసం రాస్తుంటే సుమతీ శతకంలోని "బలవంతుడ నాకేమని" గుర్తొచ్చి రెండో పాదం దగ్గర ఆగిపోయాను. బళ్లో "పలువురితో నిగ్రహించి పలుకుట మేలా" అని నేర్పారు. మా తాతగారు "విగ్రహించి" అనేవారు. ఏది సరి?

గణవిభజన: నేను చూసిన అచ్చుప్రతుల్లో నిగ్రహించే. ఛందస్సు మాత్రం మీ తగువు తీర్చదు. ని అయినా వి అయినా గ్ర ముందు గురువే. ఆరో గణం "గ్రహించి" జగణం, యతి ప-ప. రెండూ నిక్షేపంగా నడుస్తాయి.

కృష్ణాతీరం: నా ఓటు "వి"కే. ఒకరిని నిగ్రహిస్తారు గానీ ఒకరితో నిగ్రహించరు. "తో" ఉంది కాబట్టి ఇది సంధి-విగ్రహాల్లోని విగ్రహం, అంటే పోరు. పంచతంత్రంలో "బహవో న విరోద్ధవ్యాః" చూడండి, పలువురితో విరోధం కూడదని. పామును చీమలు తినేయడమూ ఆ శ్లోకంలోదే.

నల్లరేగడి: ఇప్పుడు విగ్రహించి అంటే విగ్రహం పెట్టించి అనుకుంటారు. మన నాయకులకు అదే కరెక్టు :)

పాతపుస్తకం: నా వ్యాసానికి ఈ తేడా ముఖ్యమండీ. 2024 జులైలో అక్కడి పార్లమెంటులో రెండు పెద్ద పార్టీలు, నేపాలీ కాంగ్రెస్, కమ్యూనిస్టు పార్టీ యూఎంఎల్, చేతులు కలిపాయి. 275 మంది సభలో ప్రధాని ఓలీ 188 ఓట్లతో విశ్వాసం నెగ్గారు. "నాకేమని" అనుకోడానికి ఇంకేం కావాలి? 2025 సెప్టెంబరు 4న 26 సోషల్ మీడియా వేదికలు ఆపేశారు. నిరసనకు దిగిన కుర్రాళ్ల మీద 8న పోలీసు కాల్పుల్లో కనీసం 19 మంది పోయారు. 9న ఓలీ రాజీనామా.

గణవిభజన: అయితే నిగ్రహమే కదా, నోరు నొక్కడం. "తో"ను "పలుకుట"కు అన్వయించండి, గొడవే లేదు.

కృష్ణాతీరం: పక్కనున్న క్రియను దాటించి అంత దూరాన్వయమా మాస్టారూ! బద్దెన అలా రాయడు.

గణవిభజన: బద్దెనే రాశాడని మీకెవరు చెప్పారు?

నల్లరేగడి: నేపాల్‌కి అసలు ఆ పద్యం కాదు. "చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవైన యట్లు" ఉందిగా, చివర "భూమీశుల పాల జేరు". నాయకుల పిల్లల ఖరీదైన బ్యాగులు, ఫారిన్ ట్రిప్పులు అక్కడి కుర్రాళ్లు వీడియోల్లో చూపించింది ఇదే.

కృష్ణాతీరం: అందులో కూడబెట్టేవాడు పామరుడు. జనమంతా పామరులంటారా?

తరాయి: నేను అక్కడ కొన్నాళ్లు పనిచేశాను. పాము ఒక్కటే అయితే పద్యం సరిపోయేది. 1959లో మొదటి ఎన్నికలు జరిగితే మరుసటి ఏడాదే రాజు మహేంద్ర ప్రభుత్వాన్ని తీసేసి, తర్వాత పార్టీలనే నిషేధించాడు. 1990లో పార్టీలు తిరిగొచ్చాక ఒక్క ప్రధానీ వరసగా ఐదేళ్లు లేడు. కొన్నేళ్లుగా ఓలీ, ప్రచండ, దేవ్‌బా ముగ్గురే కుర్చీ మార్చుకుంటూ వచ్చారు. బలవంతుడని ఎవర్ననాలి? ఇక చీమలంటారా, తాత్కాలిక ప్రధానిగా మాజీ చీఫ్ జస్టిస్ సుశీలా కర్కీ పేరును డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో చర్చించి పైకి తెచ్చినవాళ్లూ ఉన్నారు, ప్రభుత్వ సచివాలయం సింహదర్బారు తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. జైళ్ల నుంచి వేలమంది పారిపోయారు కూడా. అందర్నీ ఒకే పుట్టలో వేస్తే ఎలా?

నల్లరేగడి: మా వైపు చలిచీమ కుట్టదండీ, నల్లగా చిన్నగా ఉంటుంది. కుట్టని చీమ పామునెలా చంపింది?

గణవిభజన: ప్రాసకు "ల" కావాలి. ఎర్రచీమ అంటే పద్యం కూలుతుంది.

కృష్ణాతీరం: ప్రాస కోసం చీమను మార్చేవాడు "వి"ని "ని" చేయడా?

పాతపుస్తకం: నా పాదం సంగతి తేల్చరా? వావిళ్ల వారి పాత అచ్చుప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి.

నల్లరేగడి: అటక మీద ఉండాలి. ముందు ఈ చీమ సంగతి చూడండి.