‘చిత్తుగా ఓడాడు’ అనొచ్చా? హంగేరీ మల్లయోధుడి వ్యాసంలో ఒక మాట

ప్రశ్న:
హంగేరీ మల్లయోధుడు ఇమ్రె పోల్యాక్ మీద తెలుగు వ్యాసం ఒకటి దిద్దుతున్నాను. అందులో ఈ వాక్యం ఉంది: “1952, 1956, 1960 ఒలింపిక్స్ ఫైనల్స్‌లో చిత్తుగా ఓడి రజతాలతో సరిపెట్టుకున్న పోల్యాక్, 1964లో టోక్యోలో ప్రత్యర్థిని మట్టి కరిపించి స్వర్ణం సాధించాడు.” ‘చిత్తుగా’ ఉంచమంటారా, తీసేయమంటారా?

వ్యాఖ్య:
తీసేయండి. క్రికెట్లో పది వికెట్ల తేడాతో ఓడినా, ఎన్నికల్లో డిపాజిట్ పోయినా చిత్తుగా ఓడారనే రాస్తాం. అది వాడుకలో స్థిరపడింది, అక్కడ పేచీ లేదు. కుస్తీ గురించి రాసేటప్పుడు మాత్రం ఆ మాటకి ఖచ్చితమైన అర్థం ఉంది. ఉర్దూ, హిందీల్లో ‘చిత్’ అంటే వెల్లకిలా. ‘చిత్ భీ మేరీ, పట్ భీ మేరీ’ (వెల్లకిలా పడ్డా నాదే, బోర్లా పడ్డా నాదే) అనే సామెత హైదరాబాద్ వాళ్లకి కొత్త కాదు. రెండు భుజాలూ నేలకి ఆని, రెఫరీ చూసి ఖాయం చేసేంతసేపు కదలకుండా ఉంటేనే చిత్తు. ఒక భుజం ఆని రెండోది లేచి ఉంటే కాదు. అందుకే వెల్లకిలా పడబోతున్నవాడు తల, పాదాలు ఆనించి వీపుని విల్లులా పైకి లేపుతాడు. మెడ బలం ఉన్నవాడు ఆ భంగిమలో చాలాసేపు నిలబడి తప్పించుకోగలడు.

పోల్యాక్ ఆడింది గ్రీకో రోమన్, అంటే నడుం పైభాగాన్నే పట్టుకోవాల్సిన కుస్తీ. ఇప్పుడు అందులో 8 పాయింట్ల తేడా వస్తే బౌట్ (పోటీ) ఆపేస్తారు. అది కూడా చిత్తు కాదు. పత్రికలు మాత్రం “8–0తో చిత్తు” అని రాసేస్తుంటాయి. భుజాలు ఆనకుండా చిత్తేమిటండీ!

వ్యాఖ్య:
‘మట్టి కరిపించి’ కూడా తీసేయాలి మాస్టారూ. ఒకటి, అతను ఆడింది మ్యాట్ మీద, గోదాలో కాదు. అది చిన్న విషయం, జాతీయం కాబట్టి సర్దుకోవచ్చు. అసలు సంగతి వేరు. మట్టి కరవాలంటే మూతి నేలకి తగలాలి, అంటే బోర్లా పడాలి. కుస్తీలో బోర్లా పడినవాడు ఓడినట్టు కాదు. గ్రీకో రోమన్‌లో కింద ఉన్నవాడు కావాలనే పొట్ట మ్యాట్‌కి అదిమి, మోచేతులు, మోకాళ్లు వెడల్పుగా పెట్టి అతుక్కుపోతాడు. పైవాడు నడుం చుట్టూ రెండు చేతులూ బిగించి, అతన్ని దొర్లించి వీపు చూపించాలి. నడుం కింద పట్టు పట్టకూడదు, కాలు మెలేసి తిప్పకూడదు. కాబట్టి చేతుల బిగి సడలితే పైవాడి చేతిలో ఇక ఏమీ ఉండదు. అక్కడ మనకి ‘ఉడుంపట్టు’ అనే మంచి మాట ఉంది. దాన్ని రాజకీయాలకి వదిలేసి ఇక్కడ వాడుకోకపోతే ఎలా?

వ్యాఖ్య:
మాటలు సరే, ముందు ‘ఫైనల్స్‌లో ఓడి’ అన్నదే వాస్తవం కాదు. ఆ రోజుల్లో ఇప్పటిలా బ్రాకెట్టు (ఓడినవాడు తప్పుకుంటూ పోయే జతల పట్టిక), చివర ఒక ఫైనల్ ఉండేవి కావు. తప్పు మార్కుల పద్ధతి ఉండేది. 1952, 1956ల లెక్క ఇది: ప్రత్యర్థిని చిత్తు చేస్తే సున్నా, పాయింట్ల మీద గెలిస్తే 1, ఓడితే 3. ఒక రౌండ్ అయ్యేసరికి మొత్తం 5 గాని అంతకు మించి గాని పడితే ఇంటికి. అంటే ఒక బౌట్ ఓడినవాడు కూడా పతకం దాకా వెళ్లొచ్చు. గెలిచినా మార్కు పడుతుంది కాబట్టి, పాయింట్ల గెలుపులతోనే నెట్టుకొచ్చేవాడికి ముప్పు తప్పదు. ముగ్గురు మిగిలాక వాళ్లలో వాళ్లు తేల్చుకునేవారు. అంతకుముందే తలపడి ఉంటే ఆ ఫలితమే లెక్కలోకి వచ్చేది. 1964 నాటికి హద్దు 6 అయింది: సమంగా ముగిస్తే 2, పాయింట్ల మీద ఓడితే 3, చిత్తయితే 4.

చూశారా, చిత్తుకీ మామూలు గెలుపుకీ తేడా ఇక్కడ వర్ణన కోసం కాదు, పతకమే దాని మీద ఆధారపడేది. హంగేరియన్‌లో ఈ గెలుపుని ‘తుష్’ అంటారు. పక్కనే ‘రెండు భుజాల మీద పడుకోబెట్టడం’ అనే పలుకుబడి కూడా ఉంది. మన చిత్తుకి అచ్చంగా అదే అర్థం.

ఫైనల్ అనే మాట 2012, 2020 ఒలింపిక్స్‌లో ఆడిన హంగేరీ యోధుడు లొరింత్స్ తమాష్ గురించి రాస్తే సరిపోతుంది. లండన్ ఫైనల్లో ఓడాడు, టోక్యో ఫైనల్లో 2–1తో గెలిచాడు.

వ్యాఖ్య:
పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. హంగేరియన్‌లో ఎల్, వై అక్షరాలు పక్కపక్కన ఉంటే పలికేది ‘య’ ఒక్కటే. కాబట్టి పోల్యాక్ కాదు, పొయాక్. ‘పొ’ హ్రస్వం, ‘యా’ దీర్ఘం. మన లిపిలో రెండూ తేలిగ్గా కుదురుతాయి. వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు: పొయాక్ ఇమ్రె. ఇంగ్లీషు పత్రికలు తిరగేశాయని మనమూ తిరగేయనక్కర్లేదు. పుట్టిన ఊరు కెచ్‌కెమేత్.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. గ్రీకో రోమన్‌ని తెలుగు చేయాలా?

వ్యాఖ్య:
వద్దండీ, పేరు పేరుగానే ఉండనివ్వండి. హంగేరీ వాళ్లు దాన్ని ‘కట్టడి పట్టు’ అని అర్థం వచ్చే మాటతోనూ, కాళ్లు కూడా పట్టుకోనిచ్చే ఫ్రీస్టయిల్‌ని ‘స్వేచ్ఛా పట్టు’ అనీ పిలుస్తారు. వివరణలో ఒకసారి చెబితే చాలు. ‘సరిపెట్టుకున్న’ కూడా నాకు నచ్చలేదు. ఆ పన్నెండేళ్లలోనే 1955లో కార్ల్‌స్రూలో, 1958లో బుడాపెస్ట్‌లో, 1962లో అమెరికాలోని టొలీడోలో ప్రపంచ విజేత అయినవాడు ఏం సరిపెట్టుకున్నట్టు? నేనైతే ఇలా రాస్తాను:

“1932లో కెచ్‌కెమేత్‌లో పుట్టిన పొయాక్ ఇమ్రె గ్రీకో రోమన్ ఫెదర్‌వెయిట్‌లో వరసగా మూడు ఒలింపిక్స్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 1952లో హెల్సింకీలో సోవియట్ యోధుడు పుంకిన్, 1956లో మెల్బోర్న్‌లో ఫిన్లాండ్‌కి చెందిన మాకినెన్, 1960లో రోమ్‌లో టర్కీకి చెందిన సిల్లె అతనికన్నా ముందు నిలిచారు. 1964లో టోక్యోలో, 32 ఏళ్ల వయసులో, సోవియట్ యోధుడు రురువాని రెండో స్థానానికి నెట్టి స్వర్ణం గెలిచాడు.”

వ్యాఖ్య:
బావుంది. ‘ఫెదర్‌వెయిట్’ అనేది బరువు విభాగం కాబట్టి పక్కన కిలోలు వేయండి: మొదటి మూడింటికి 62, టోక్యోలో 63. ఒక్క అంకె రాసి వదిలేస్తే తప్పవుతుంది.