ఫాసెల్ వేగాను ముంచింది ఆ చిన్న ఇంజనేనా?

పాతఇనుము:
ఫ్రాన్స్ వాళ్ల లగ్జరీ కారు ఫాసెల్ వేగా 1954లో వచ్చి 1964లో మూతపడింది. పదేళ్లలో చేసిన కార్లు మూడు వేలు కూడా లేవు. (వేగా అంటే మన అభిజిత్ నక్షత్రమే, పేరు మాత్రం భలే పెట్టారు.) ఎవర్ని కదిపినా వాళ్ల చిన్న కారు ఫాసెలియా ఇంజన్ పాడై కంపెనీ పోయిందంటారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది.

గేరుమామ:
సగమేంటి బాసూ, మొత్తం అదే! వాళ్ల పెద్ద కారు హెచ్‌కే 500లో అమెరికా క్రైస్లర్ కంపెనీ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఉన్నన్నాళ్లు ఇంజన్ గురించి గొడవే లేదు. ఫాసెలియాకి మాత్రం 1.6 లీటర్ల ఫ్రెంచ్ ఇంజనే కావాలని, గేరుబాక్సులు చేసే పాంటామూసాన్ వాళ్లతో ట్విన్ క్యామ్ (వాల్వుల్ని నడిపే షాఫ్టులు రెండుండే) ఇంజన్ చేయించుకుంటే పిస్టన్లు కాలిపోయాయి. వారంటీ కింద మార్చలేక చచ్చారు, 1962కల్లా దివాలా.

సీతమ్మధార_శ్రీను:
ఫ్రెంచ్ రచయిత ఆల్బర్ట్ కామూ చనిపోయింది ఫాసెల్ వేగా కారులోనేగా? ఆ దెబ్బకి పేరు పోలేదంటారా?

పాతఇనుము:
శ్రీను గారూ, ఆ ప్రమాదం 1960 జనవరి 4న, నడిపింది ఆయన ప్రచురణకర్త మిషెల్ గాలిమార్. కానీ ఆ తర్వాతే 1962లో వాళ్ల పెద్ద కారు ఫాసెల్ 2 వచ్చింది, దాన్ని బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ లాంటి వాళ్లు కొన్నారు. పేరు పోతే కొంటారా?

మామా, అసలు ఫాసెల్ పెట్టిన జాన్ డానినోస్‌ది కార్ల కంపెనీ కాదు, రేకుల పని చేసే ఫ్యాక్టరీ. కార్ల కంపెనీలు పానార్, సిమ్కా, ఫోర్డ్ ఫ్రాన్స్‌లకి బాడీలు చేసి బతికింది. (వేగా డాష్‌బోర్డు చూసి అందరూ చెక్క అనుకుంటారు, అదీ రేకే, పైన రంగు!) 1954లో ఫోర్డ్ ఫ్రాన్స్‌ని సిమ్కా కొనేసింది, బయటి ఆర్డర్లు తగ్గుతూ వచ్చాయి. పెద్ద ఇంజన్ల మీద ఫ్రాన్స్‌లో పన్ను మోత, అందుకని వేగాలకి సొంత ఊళ్లో గిరాకీ తక్కువ. ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే చిన్న కారు లేకపోతే గడవని స్థితికి ముందే వచ్చేశాడు కాబట్టే సరిగ్గా పరీక్షించని ఇంజన్‌తో బజార్లోకి దిగాడు.

గేరుమామ:
సరే, మరి 1963లో ఫాసెలియా తర్వాతి మోడల్ ఫాసెల్ 3కి పెట్టిన వోల్వో ఇంజనే మొదట్లోనే పెట్టుంటే? అది మొండి ఘటం కదా.

పాతఇనుము:
ఆ వోల్వో బీ18 వచ్చిందే 1961లో మామా. ఫాసెలియా అప్పటికే రోడ్డు మీద పొగలు కక్కుతోంది.

గేరుమామ:
ఆ ఒక్క పాయింటూ నీది. పిస్టన్ల సంగతిలో మాత్రం తగ్గేది లేదు.